కష్టానికి పేరు పెట్టేదెవరు? ఆర్థిక సంక్షోభాలు, తెలుగునాట పార్టీ రాజకీయాలు

2023 నవంబరు 30న తెలంగాణ ఓటేసింది. రాష్ట్రమంతటా అవే ధరలు, అదే ఉద్యోగాల కరువు, అదే ప్రభుత్వం. అయినా పల్లెలు ఒక తీర్పు ఇస్తే రాజధాని మరో తీర్పు ఇచ్చింది. 119 స్థానాల్లో 64 గెలిచి కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో మాత్రం ఐదుకు ఐదూ ఓడిపోయిన బీఆర్‌ఎస్‌కే దక్కాయి. మేడ్చల్ నియోజకవర్గంలోని దమ్మాయిగూడ, ఉప్పల్ నియోజకవర్గంలోని నాచారం ఆ ఐదింటి పరిధిలోవే. ఆర్నెల్లకే జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో మల్కాజిగిరి స్థానం బీజేపీ చేతికి వెళ్లింది.

ఆర్థిక కష్టం వస్తే ప్రభుత్వం పడిపోతుందని చెప్పేవాళ్లకు ఈ ఫలితాలు సగమే సాయపడతాయి. కష్టానికీ ఓటుకూ సంబంధం లేదు, అంతా కులమూ డబ్బూ అనేవాళ్లకు ఆ సగం కూడా దొరకదు. ఈ చర్చ ప్రపంచంలో తొంభై ఏళ్లుగా, మన దగ్గర కనీసం నలభై ఏళ్లుగా నడుస్తోంది. రుణమాఫీ, ఉచితాలు, రాష్ట్రాల అప్పులు, ప్రాంతీయ పార్టీల భవిష్యత్తు అన్నీ ఇందులో చిక్కుపడ్డాయి. ఏ వాదన ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో తెలుగునేల అనుభవం మీద పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

పండితులు ఏమన్నారు

మొదటి వాదన అందరికీ తెలిసిందే. ఓటరు వెనక్కి తిరిగి చూసి శిక్షిస్తాడు, లేదా బహుమతి ఇస్తాడు. అమెరికాలో జెరాల్డ్ క్రేమర్ 1971లో ఎన్నికల లెక్కలతో ఈ మాట చెప్పాడు. మోరిస్ ఫియోరినా 1981లో దానికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. అదే ఏడాది కిండర్, కీవియెట్ ఒక మెలిక చూపించారు: ఓటరు తన జేబు కన్నా దేశం పరిస్థితి ఎలా ఉందనిపిస్తోందో దాన్నిబట్టే ఎక్కువగా ఓటేస్తాడట. ఇది చాలా ముఖ్యమైన మెలిక. దేశం పరిస్థితిని ఎవరూ కళ్లారా చూడలేరు. పత్రికో పార్టీయో పక్కింటివాళ్లో చెబితేనే తెలుస్తుంది. అంటే కష్టానికీ ఓటుకూ మధ్య ఎప్పుడూ ఒక కథ ఉంటుంది.

రెండో వాదన ఓటు గురించి కాదు, వ్యవస్థ గురించి. సంపద పెరిగినచోట ప్రజాస్వామ్యం నిలుస్తుందని సేమూర్ లిప్సెట్ 1959లో అన్నాడు. ఆడమ్ ప్షెవోర్‌స్కీ, ఆయన సహచరులు దాన్ని సరిదిద్దారు. సంపద ప్రజాస్వామ్యాన్ని పుట్టించకపోవచ్చు గానీ పుట్టినదాన్ని కాపాడుతుందనీ, పేద దేశాల్లో ఆర్థిక సంక్షోభం వస్తే అది కూలే ప్రమాదం ఎక్కువనీ తేల్చారు. ఈ లెక్కకు లొంగని పెద్ద ఉదాహరణ భారతదేశం. ఇండొనేషియాది ఇంకో తమాషా. 1997-98 సంక్షోభం అక్కడ ప్రజాస్వామ్యాన్ని కూల్చలేదు, సుహార్తో నియంతృత్వాన్ని కూల్చి దానికి దారి తీసింది. గద్దె మీద ఎవరున్నా సంక్షోభం వాళ్లనే ముందు తాకుతుందన్నమాట.

మూడో వాదన పీటర్ మెయిర్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రీక్ వంటివారిది. ఎన్నికలు జరుగుతూనే ఉంటాయి, ప్రభుత్వాలు మారుతూనే ఉంటాయి. కానీ అప్పులిచ్చినవాళ్ల షరతులు, ముందే కుదిరిన ఒప్పందాలు విధానాన్ని బిగించేస్తే ఓటు దేన్ని మార్చగలదు? గ్రీసులో పాసోక్ పార్టీకి 2009లో దాదాపు 44 శాతం ఓట్లు వచ్చాయి. పొదుపు షరతులు మోసిన తరువాత 2015 జనవరిలో ఆ పార్టీ 5 శాతం కూడా దాటలేదు. పార్టీ పోయింది, షరతులు పోలేదు.

నాలుగో వాదన పీటర్ గురెవిచ్ 1986లో చేసినది. 1929 మాంద్యం అన్ని దేశాలకూ ఒక్కటే. జర్మనీలో 1928 ఎన్నికల్లో 2.6 శాతం ఉన్న నాజీ ఓటు 1932 జులైకి 37.3 శాతమైంది. అదే కాలంలో స్వీడన్‌లో కార్మికుల పార్టీ, రైతుల పార్టీ 1933లో చేతులు కలిపి సంక్షేమ రాజ్యానికి పునాది వేశాయి. తేడా కష్టంలో లేదు, ఆ కష్టంతో ఎవరు ఎవరితో కలిశారన్న దాంట్లో ఉంది.

ఈ నాలుగింటిలో తెలుగునేలకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది నాలుగోదని నా అభిప్రాయం. అయితే దానికి ఒక చేర్పు కావాలి. పొత్తు కుదరడానికి ముందు పార్టీలు కష్టానికి ఒక పేరు పెడతాయి. ఈ ఆకలి జమీందారు వల్ల, ఈ నిరుద్యోగం ఫలానా ప్రాంతంవాళ్ల వల్ల, ఈ అప్పు ఫలానా ప్రభుత్వం వల్ల అని. ఏ పేరు జనం నోట్లో నిలిచిందో దాన్నిబట్టే తరువాతి పదేళ్ల రాజకీయం నడిచింది.

మాంద్యం నుంచి మధ్యంతరం దాకా

1929 తరువాత వరి ధర పడిపోయింది. శిస్తు తగ్గలేదు, అప్పు తగ్గలేదు. ఉన్న శిస్తు కట్టలేని కృష్ణా, గోదావరి డెల్టా రైతు మీద ప్రభుత్వం రీసెటిల్‌మెంటు పేరుతో ఇంకా పెంచాలని చూసింది. జమీందారీ ప్రాంతాల రైతుది ఇంతకన్నా ఘోరం. ఎన్.జి. రంగా వంటివారు ఆ కష్టానికి జమీందారీ అని పేరు పెట్టారు. 1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో 159 కాంగ్రెస్ గెలిచింది. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ప్రధానిగా పనిచేసిన బొబ్బిలి రాజా సొంత బొబ్బిలిలో వి.వి. గిరి చేతిలో ఓడారు. మరుసటి ఏడాదే రైతు రుణ ఉపశమన చట్టం వచ్చింది. నేటి రుణమాఫీ వాగ్దానాల తాతముత్తాతలను వెతికితే అక్కడికే చేరతాం. ఆనాటి ఓటు హక్కు ఆస్తి, చదువు ఉన్న కొద్దిమందిదేనన్న సంగతి మరువకూడదు. కూలివాడి కష్టానికి పేరు పెట్టే పని 1934లో ఆంధ్రలో మొదలైన కమ్యూనిస్టు పార్టీ మీద పడింది.

నైజాం ఇలాకాలో యుద్ధకాలపు లెవీ ధాన్యం, వెట్టి, దొరల దౌర్జన్యం కలిసి 1946లో సాయుధ పోరాటానికి దారితీశాయి. ఇక్కడ ఒక విశేషాన్ని ప్రపంచ సిద్ధాంతకారులు సరిగ్గా పట్టించుకోలేదు. 1951 అక్టోబరులో పోరాటం విరమించిన కమ్యూనిస్టు పార్టీ, కొన్ని నెలల్లోనే పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ పేరుతో ఎన్నికల్లోకి దిగి హైదరాబాద్ శాసనసభలో 42 స్థానాలు గెలిచింది. నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారు. తుపాకీ పట్టిన సంక్షోభం బ్యాలెట్ పెట్టె దగ్గరికి నడిచి వచ్చింది. పేద దేశంలో సంక్షోభం ప్రజాస్వామ్యాన్ని కూలుస్తుందన్న సూత్రానికి తెలంగాణ ఇచ్చిన జవాబు ఇది.

అయితే ఓటు పెరిగితే బలం పెరగాలని లేదు. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 31 శాతం దాకా ఓట్లు వచ్చినా 196లో 15 స్థానాలే దక్కాయి. ఎదుటి పక్షాలన్నీ ఒక్కటయ్యాయి. జనం కష్టం ఎంతుందో సీట్ల లెక్క చూసి కొలిచేవాళ్లు ఈ ఎన్నికను ఎప్పుడూ గుర్తుపెట్టుకోవాలి.

ఒకే కష్టం, రెండు పేర్లు

1965-67 కరువు, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు, ఆహార ధరలు కలిసి 1967లో దేశమంతటా కాంగ్రెస్‌ను దెబ్బతీశాయి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం విశాఖ ఉక్కు ఉద్యమం రగిలిన మూడు నెలలకే కాంగ్రెస్ తిరిగి గెలిచింది. 1977లోనూ అంతే. ఉత్తరాదిలో తుడిచిపెట్టుకుపోయిన పార్టీ ఇక్కడ 42 లోక్‌సభ స్థానాల్లో 41 గెలిచింది. ఓడిన ఒక్కటీ నంద్యాల, అక్కడ నీలం సంజీవరెడ్డి గెలిచారు. ధరలూ నిరుద్యోగమూ తెలుగువాళ్లను వదిలేశాయని కాదు. వాటిని అందిపుచ్చుకునే ప్రతిపక్షం అప్పుడు నిలదొక్కుకోలేదు.

మధ్యలో 1969 తెలంగాణ ఉద్యమం ఉంది. ఉద్యోగాలు, మిగులు నిధులు, స్థానికులకే కొలువులన్న ముల్కీ నిబంధనలు. కొలువుల కొరత దేశమంతా ఉన్నదే. తెలంగాణలో మాత్రం అది ప్రాంతం పేరు తెచ్చుకుంది. 1971లో తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచి, అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. పార్టీ మాయమైనా పేరు మాయం కాలేదు. మూడు దశాబ్దాల తరువాత నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడు మాటలుగా అదే తిరిగి వచ్చింది.

1983 గురించి ఇంకా గొడవ తెగలేదు. తెలుగుదేశం పుట్టిన తొమ్మిది నెలలకే 294లో 200కు పైగా స్థానాలు గెలవడానికి ఆత్మగౌరవం కారణమని ఒక వాదం. ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను ఢిల్లీ మార్చడం దానికి సాక్ష్యం. కె.సి. సూరి వంటివారు సామాజిక వర్గాల కదలికను ముందుంచారు. బాలగోపాల్ ఈ ప్రాంతంలో ఎదిగిన ఆస్తిపర వర్గాన్ని, వ్యవసాయంలో మిగులు కూడబెట్టి పట్నాలకు చేరినవాళ్లను చూడమన్నారు. ఇవన్నీ నిజమే. కానీ కిలో రెండు రూపాయల బియ్యం వాగ్దానాన్ని పక్కనపెట్టి 1983ను చెప్పడం కుదరదు. ధరల మీద జనానికున్న కోపం ఆ రెండు రూపాయల్లో ఒక అంకెగా నిలిచింది. ఆత్మగౌరవం దానికి భాషనిచ్చింది. ఒకటి లేకుండా రెండోది ఆ ఎత్తుకు వెళ్లేది కాదు.

బియ్యం, సారా, కరెంటు

1991 జూన్‌లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి దేశం దగ్గర కొద్ది వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకం మిగిలింది. బంగారం తాకట్టుకు వెళ్లింది. జులై మొదటి వారంలో రూపాయి విలువ రెండుసార్లు తగ్గింది. మైనారిటీ ప్రభుత్వం ఇంత పెద్ద మార్పు చేసి ఐదేళ్లూ నిలవడం ప్రజాస్వామ్య శాస్త్రానికి పెద్ద ప్రశ్నే. భారత సంస్కరణలు బాహాటంగా కాక చాటుమాటుగా నడిచాయని రాబ్ జెన్‌కిన్స్ 1999లో రాశాడు. సామాన్యుడి బతుకును నేరుగా తాకని రంగాల్లో ముందు మొదలుపెట్టారు కాబట్టి ఎన్నికల్లో అది పెద్ద అంశం కాలేదని అశుతోష్ వార్ష్ణేయ్ వాదించాడు. రెండు వాదాలూ ఢిల్లీ వరకు నిలుస్తాయి. హైదరాబాద్‌కు వచ్చేసరికి చాటు మిగల్లేదు. బియ్యం, సారా, కరెంటు మూడూ ఇంటింటికీ తగిలేవే.

సారా సంగతి దగ్గర కాస్త ఆగాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల ఉద్యమం 1992కల్లా రాష్ట్రమంతా పాకింది. వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరులో కాంగ్రెస్ ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 డిసెంబరు ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం, రెండు రూపాయల బియ్యం వాగ్దానాలతో ఎన్టీఆర్ 216 స్థానాలు గెలిస్తే కాంగ్రెస్‌కు 26 మిగిలాయి. 1995 జనవరిలో నిషేధం వచ్చింది. ఏ నాయకుడూ పిలవకుండా, అక్షరాస్యత పాఠాల నుంచి లేచిన పల్లె స్త్రీలు ఒక ప్రభుత్వ విధానాన్ని మార్చిన ఘట్టం ఇది. స్వతంత్ర భారతంలో దీనికి సాటివచ్చేవి చాలా తక్కువ.

రెండేళ్లు గడవకముందే ఖజానా ఖాళీ అన్నారు. 1996లో చంద్రబాబు ప్రభుత్వం శ్వేతపత్రాలు విడుదల చేసింది, బియ్యం ధర మూడున్నరకు పెంచింది, 1997లో నిషేధాన్ని ఎత్తేసింది. సంక్షోభం ప్రజాస్వామ్యాన్ని ఎలా తాకుతుందో చూడాలంటే కూలిన ప్రభుత్వాలనే చూడక్కర్లేదు. ఈ రద్దును చూస్తే చాలు. ఎన్నికలో గెలిచిన వాగ్దానాన్ని లోటు లెక్క కొట్టేసింది, ఆ ఉద్యమం చేసిన ఆడవాళ్లను మళ్లీ ఎవరూ అడగలేదు. మెయిర్ వాదానికి గ్రీసు కన్నా ముందు దూబగుంట ఉదాహరణ అయింది. ఆనాటి నుంచి ఏ పార్టీ వచ్చినా మద్యం ఆదాయం ప్రభుత్వ బడ్జెట్‌కు ఊతకర్రే.

కరెంటు కథ మరింత పదునైనది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, ప్రపంచ బ్యాంకు రుణం, 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు విభజన. ఆ ఏడాది ఎన్నికల్లో తెలుగుదేశం 180 స్థానాలు గెలిచింది. సంస్కరణ చేసినవాళ్లు ఓడిపోతారన్న మాట అబద్ధమైందని పత్రికలు రాశాయి. ఛార్జీలు పెరిగింది మాత్రం ఎన్నికలయ్యాక, 2000లో. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. బిల్లు భారం ఒక్కటే, కానీ దానికి రెండు పేర్లు పుట్టాయి. వామపక్షాలు, కాంగ్రెస్ దానికి ప్రపంచ బ్యాంకు అని పేరు పెట్టాయి. 2001 ఏప్రిల్ 27న పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి (టీఆర్‌ఎస్, నేటి బీఆర్‌ఎస్) తెలంగాణ అని పేరు పెట్టింది, ఎందుకంటే కాలువ నీళ్లు లేక బోరు మీద బతికేది ఇక్కడి రైతు. 2004లో రెండు పేర్లూ ఒకే పొత్తులో కలిశాయి. కాంగ్రెస్‌కు 185, టీఆర్‌ఎస్‌కు 26, తెలుగుదేశానికి 47. మే 14న రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత విద్యుత్ ఫైలు మీద పడింది.

ఈ కాలం మీద రాసిన పండితుల్లో చాలామంది 2004ను సంస్కరణలపై తిరుగుబాటుగా చదివారు. రైతు ఆత్మహత్యలు, వరుస కరువులు ఆ చదువుకు బలమిస్తాయి. నా దృష్టిలో అది సంస్కరణను తిరస్కరించిన ఓటు కాదు, ఖర్చు ఎవరు మోయాలన్న దానిమీద బేరం. గెలిచిన ప్రభుత్వం విభజించిన విద్యుత్ సంస్థలను మళ్లీ కలపలేదు. రైతు బిల్లు మాత్రం తన నెత్తిన వేసుకుంది.

2008 తరువాత కొత్త లెక్క

ప్రపంచ మాంద్యం ఊపందుకున్నాక, సత్యం కుంభకోణం బయటపడిన మూడు నెలలకు జరిగిన 2009 ఎన్నికల్లో కాంగ్రెస్ 156 స్థానాలతో తిరిగి వచ్చింది. శిక్షించే ఓటు ఏమైంది? దెబ్బ ముందు తగిలింది ఐటీ ఉద్యోగానికి, అమెరికా వెళ్లిన పిల్లల కొలువుకు, నగర శివార్ల ప్లాట్ల ధరకు. పల్లెకు 2008 రుణమాఫీ, ఉపాధి హామీ, ఆరోగ్యశ్రీ గొడుగు పట్టాయి. సంక్షోభం అందరినీ ఒకేసారి, ఒకేచోట తాకదు. ఏ వర్గం ఓట్లు ఎక్కువో ఆ వర్గానికి గొడుగు ఉంటే ప్రభుత్వం తడవదు.

2010 సూక్ష్మరుణాల సంక్షోభం ఇంకో కోణం చూపింది. వారం వారం వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు బయటికి రాగానే అక్టోబరులో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ప్రతిపక్షాలు అంతకన్నా గట్టిగా అడిగాయి. కొద్ది నెలల్లో ఆ వ్యాపారం రాష్ట్రంలో కుప్పకూలింది. స్వేచ్ఛగా వార్తలు రాసే పత్రికలు, పోటీపడే పార్టీలు ఉన్నచోట కరువు చావులు జరగవని అమర్త్యసేన్ చెప్పిన సూత్రానికి ఇది ఒక చిన్న నిరూపణ. దాని అవతలి వైపూ చెప్పాలి. చెడ్డ అప్పు ఆగింది గానీ మంచి అప్పు దారి తెరుచుకోలేదు.

రాష్ట్రం విడిపోయాక రెండుచోట్లా రుణమాఫీతోనే పాలన మొదలైంది. 2018 మేలో మొదలైన రైతుబంధు, అదే ఏడాది డిసెంబరులో టీఆర్‌ఎస్‌కు 88 స్థానాలు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకి 151, ఐదేళ్ల తరువాత అదే పార్టీకి 11. ఖాతాలో డబ్బు వేస్తే గెలుస్తారన్న నమ్మకాన్ని 2024 ఫలితం గట్టిగా కదిలించింది. తెలంగాణలో కొత్త ప్రభుత్వం 2023 డిసెంబరు 20న శ్వేతపత్రం పెట్టి అప్పులు 6.71 లక్షల కోట్లు దాటాయంది. బీఆర్‌ఎస్ స్వేదపత్రంతో జవాబిచ్చింది. అప్పెంతో రెండు పార్టీలూ ఒప్పుకోలేని స్థితి ఇది. బడ్జెట్‌లో కనిపించకుండా కార్పొరేషన్ల పేరున తెచ్చిన రుణాలు శాసనసభ ముందు పూర్తి చర్చకు రాకపోవడమే దీనికి మూలం. 2022 నుంచి కేంద్రం వాటిని రాష్ట్ర రుణ పరిమితిలో కలిపి లెక్కించడం మొదలుపెట్టింది. అంటే హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఓటర్లు ఎన్నుకున్న సభ అడగని ప్రశ్నను ఢిల్లీ అధికారులు అడిగారు. సంక్షేమం వల్ల ప్రజాస్వామ్యం చెడుతోందన్న గగ్గోలు నాకు సమ్మతం కాదు. లెక్క దాచడం వల్ల చెడుతోందన్నదే నా వాదన.

పక్కపక్కన పెట్టి చూస్తే

1937లో కష్టం పేరు జమీందారీ, ఫలితం చట్టం. 1946-52లో దాని పేరు వర్గం, ఫలితం బలమైన ప్రతిపక్షం, అది నిలబడలేదు. 1969లో, 2001లో ప్రాంతం, చివరికి కొత్త రాష్ట్రం. 1983లో ఆత్మగౌరవం, కొత్త పార్టీ. 2004 తరువాత ఇల్లు, అంటే కుటుంబానికి ఇంత అని లెక్కకట్టే సంక్షేమం. ఈ చివరి పేరుకు ఒక లక్షణముంది. మొదటి నాలుగూ జనాన్ని సంఘాల్లోకి, ఊరేగింపుల్లోకి తెచ్చాయి. ఐదోది లబ్ధిదారును ఒంటరిగా నిలబెట్టి, ఖాతా నంబరుతో మాట్లాడుతుంది. దాని విలువ తక్కువేమీ కాదు, ఆకలి తీర్చింది. కానీ గడువుకు డబ్బు పడనప్పుడు కలిసి అడగడానికి సంఘం మిగలదు.

ఓటు మారినా షరతులు మారవన్న మెయిర్ వాదానికి శ్రీలంక మంచి పోలిక. 2022లో డాలర్లు అడుగంటి, పెట్రోలు వరసలు కిలోమీటర్లు సాగినప్పుడు అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయారు. 2020లో మూడు స్థానాలున్న కూటమి 2024లో 225లో 159 గెలిచింది. అంత పెద్ద కుప్పకూలుడులోనూ రాజ్యాంగం నిలిచింది. రుణ షరతులూ నిలిచాయి.

తేలని సంగతులు

అన్నిటికన్నా పెద్ద ఖాళీ నగరం. మన అధ్యయనాలు రైతును బాగా చదివాయి. నాచారం పారిశ్రామికవాడలో కాంట్రాక్టు కూలి, మౌలాలిలో మూతపడిన ప్రభుత్వ కర్మాగారం మాజీ ఉద్యోగి, ఉప్పల్ నుంచి రోజూ మెట్రో ఎక్కే ప్రైవేటు ఉద్యోగి, దమ్మాయిగూడలో బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకున్న కుటుంబం కష్టాన్ని దేనితో కొలుస్తారు, ఎవరిని బాధ్యుణ్ని చేస్తారు? 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికలు కరోనా, అక్టోబరు వరదలు ఒకదాని మీద ఒకటి పడ్డ వెంటనే జరిగాయి. పోలింగు 50 శాతం చేరలేదు. బీజేపీ 48 డివిజన్లకు ఎగబాకింది. కాంగ్రెస్‌కు దక్కిన రెండూ ఈ తూర్పు వైపువే, ఉప్పల్, ఏఎస్ రావు నగర్. ఓటు వేయని సగం మంది కోపంతో మానేశారా, నమ్మకం లేక మానేశారా అన్నది ఏ సిద్ధాంతమూ చెప్పలేదు.

రెండో ఖాళీ స్థానిక సంస్థలు. పార్టీలు, శాసనసభల మీద పుస్తకాలున్నాయి. ఖజానా బిగుసుకున్నప్పుడు ముందుగా నిధులు ఆగేది మాత్రం పంచాయతీకి, పురపాలికకు. తెలంగాణ పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరిలో ముగిస్తే ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. బీసీ రిజర్వేషన్ల వివాదం దీనికి ప్రధాన కారణం. కానీ ఆ రెండేళ్లలో ఎన్నికైన సభ లేనందువల్ల కేంద్ర ఆర్థిక సంఘం నిధులు కూడా నిలిచాయి. రాజకీయ జాప్యం ఆర్థిక కొరతను పెంచింది, కొరత ఊరి పాలనను ఇంకా బలహీనం చేసింది. సంక్షోభం ప్రజాస్వామ్యాన్ని దెబ్బతీస్తుందా అని అడిగే పరిశోధనలు ప్రజాస్వామ్యంలో పడ్డ ఖాళీ సంక్షోభాన్ని ఎలా పెంచుతుందో అంతగా అడగలేదు.

దమ్మాయిగూడ ఈ రెండు ఖాళీలూ కలిసేచోట ఉంది. 2018లో పురపాలిక అయింది. 2020 జనవరిలో తొలి పాలకవర్గాన్ని ఎన్నుకుంది. 2025 జనవరిలో ఆ గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలనలోకి వెళ్లింది. ఆ ఏడాది డిసెంబరులో మరో 26 పట్టణ సంస్థలతో పాటు జీహెచ్ఎంసీలో కలిసిపోయింది. పక్కనే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు, నగరం చెత్తలో చాలాభాగం అక్కడికే వస్తుంది. పన్ను పెరిగినా, నల్లా నీళ్లు రాకపోయినా, గాలి కంపుకొట్టినా సొంత కౌన్సిల్ గుమ్మం తొక్కే అవకాశం ఈ ఊరికి ఉన్నది ఐదేళ్లే.